నందనూరు కృష్ణారెడ్డి: నైరూప్య కళకు ఒక ప్రవేశిక

నైరూప్య చిత్రకళ అనగానే మన విద్యార్థులలో పలువురి పెదవులపై ఒక పరిహాసపు చిరునవ్వు పొడసూపుతుంది. తలక్రిందులుగా వ్రేలాడదీసినా తేడా తెలియని బొమ్మ అనీ, బొమ్మ వేయడం చేతకానివాడు కనిపెట్టిన ఉపాయమనీ అనేవారు లేకపోలేదు. ఈ పరిహాసం మన సీమకే పరిమితమైనది కాదు. 1910 ప్రాంతంలో కాండిన్‌స్కీ మొదలైనవారు యూరపులో వస్తువును విడిచి రంగునూ రేఖనూ పట్టుకున్నప్పుడు అక్కడివారు కూడ నవ్వినవారే. కాని నవ్వి ఊరకుండడం వేరు, నవ్విన పిమ్మట మరల ఒకసారి చూడడం వేరు. ఆ రెండవ చూపు కోసమే మేము ఈ వ్యాసం వ్రాస్తున్నాము. అందుకు మాకు ఉదాహరణగా దొరికినవాడు పరాయి దేశస్థుడు కాడు. రాయలసీమలోనే, చిత్తూరు జిల్లా నందనూరు గ్రామంలో, 1925 జూలై 15వ తేదీన జన్మించిన కృష్ణారెడ్డి. పారిస్, న్యూయార్కు నగరాలలో ముద్రణచిత్ర కళ అభ్యసించే విద్యార్థికి ఆయన పేరు పాఠ్యాంశం వంటిది. కర్నూలు, కడప కళాశాలలలో ఆ పేరు విన్నవారిని వేళ్లమీద లెక్కించవచ్చును.

ఆయనను చిత్రకారుడని అనవచ్చునా అనే సందేహం కొందరికి రావచ్చు. కుంచెతో గుడ్డపై వేసిన చిత్రాలకంటె, లోహఫలకంపై చెక్కి కాగితంపై ముద్రించిన చిత్రాల వల్లనే ఆయనకు కీర్తి వచ్చినది. ఆపైన ఆయన శిక్షణచేత శిల్పి. రంగు ఆయనకు ఎంత ముఖ్యమో లోతు కూడ అంతే ముఖ్యం. ఈ రెండూ కలిసినచోటనే ఆయన కళ పుట్టినది కనుక, పేరును గూర్చిన వాదాన్ని ఇక్కడితో విడిచిపెడుతున్నాము.

బాల్యంలో ఆయన చదివినది మదనపల్లె సమీపాన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాలలో. చుట్టూ బండరాళ్ల కొండలు, నడుమ చింతలు, కానుగలు, వానపడితే మాత్రమే పారే వాగులు. ఆ పరిసరాలను చూచినవారికి, రాతి పొరలన్నా, గింజ మొలకెత్తే తీరన్నా, నీటి కదలికన్నా ఆయనకు జీవితాంతం తీరని మక్కువ ఎందుకు కలిగినదో ఊహించుకోవడం కష్టం కాదు. నీరు సమృద్ధిగా ఉన్నచోట పుట్టినవానికి నీరు ఒక దృశ్యం. నీటికై ఎదురుచూచే సీమలో పుట్టినవానికి అది ఒక సంఘటన. ఇది మా ఊహ మాత్రమే, ఆయన మాట కాదు.

1940ల తొలి సంవత్సరాలలో ఆయన శాంతినికేతన్ చేరారు. నందలాల్ బోస్ అక్కడి కళాభవనానికి పెద్దదిక్కు. రామ్‌కింకర్ బైజ్, వినోద్ విహారీ ముఖర్జీ వంటి ఉద్దండులు ఉపాధ్యాయులు. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమం, 1943 నాటి వంగదేశపు మహాక్షామం – ఈ రెండూ ఆ తరం విద్యార్థుల కన్నుల ఎదుటనే జరిగినవి. శాంతినికేతన్ బోధనలో ఒక ప్రత్యేకత కలదు. చెట్టును చూచి చెట్టు వలె దించడం అక్కడ మొదటి మెట్టు మాత్రమే. చెట్టు ఏ లయతో పెరుగుతున్నదో గ్రహించి ఆ లయను దించడం అసలు పాఠం. కృష్ణారెడ్డి తదనంతర కృషికంతకూ బీజం ఇందులోనే ఉన్నదని మా అభిప్రాయం.

చదువు ముగించి 1947 నుండి సుమారు రెండేండ్లు మద్రాసులో రుక్మిణీదేవి అరండేల్ నడుపుతున్న కళాక్షేత్రంలో చిత్రకళా విభాగానికి అధిపతిగా పనిచేశారు. పిమ్మట లండను వెళ్లి స్లేడ్ కళాశాలలో చేరారు. ప్రసిద్ధ శిల్పి హెన్రీ మూర్ సాన్నిధ్యం అక్కడ లభించినది. 1950లలో పారిస్ చేరి జాడ్కిన్ వద్ద శిల్పం, మధ్యలో ఇటలీలోని మిలాన్ నగరానికి పోయి మరీనో మరీనీ వద్ద మరికొంత శిల్పం. ఇంత మంది గురువులను చూచి, నిలకడలేని విద్యార్థి అని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి ఆయన వెదకుతున్న వస్తువు ఒక్కటే; అది దొరికినది మాత్రం శిల్పశాలలో కాదు, ఒక అచ్చుపనివాడి కార్యశాలలో.

ఆ కార్యశాల పేరు 'అటెలియే 17'. దానిని 1927లో పారిస్‌లో నెలకొల్పిన స్టాన్లీ విలియం హేటర్ రసాయన, భూగర్భ శాస్త్రాలు చదివిన ఆంగ్లేయుడు. చిత్రకారుడు కాకపూర్వం ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీ ఉద్యోగి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలని మా మనవి, ఎందుకంటే తరువాతి కథ అంతా నూనె కథ. పికాసో, మీరో, జాకొమెత్తి వంటివారు ఆ కార్యశాలలో పనిచేసినవారే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హేటర్ దానిని న్యూయార్కుకు తరలించి, 1950లో తిరిగి పారిస్ తెచ్చారు. అక్కడ గురువు ఎత్తుపీటపైన, శిష్యుడు నేలపైన అనే పద్ధతి లేదు. అందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడి ఫలకాలు చెక్కేవారు. అందులో శిష్యుడుగా అడుగుపెట్టిన కృష్ణారెడ్డి కొంతకాలానికి దానికి సహనిర్దేశకుడైనారు.

ఇక ఆయన కనుగొన్నదేమిటో వివరించాలి. కొంచెం ఓపిక పట్టవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.

రంగుల చిత్రం అచ్చువేయడానికి పూర్వం నుండి ఉన్న పద్ధతి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ఫలకం. నాలుగు రంగులకు నాలుగు ఫలకాలు, నాలుగు సార్లు అచ్చు. జపాను దేశపు కొయ్యఅచ్చు బొమ్మలు ఇట్లే తయారైనవి. మన ముద్రణాలయాలలో సినిమా గోడపత్రికలు అచ్చయినదీ ఈ సూత్రం మీదనే. ఒక రంగు అచ్చు వెంట్రుకవాసి జరిగితే నటుని పెదవి చెంపమీదికి పోయేది. అదొక కష్టం. అంతకంటె పెద్ద కష్టం కళాకారునిది: చిత్రాన్ని రంగుల వారీగా ముక్కలుచేసి ఆలోచించవలసి రావడం. చెక్కుతున్న చేతికీ రంగుకూ సంబంధం తెగిపోతుంది.

ఒకే ఫలకంపైన, ఒకే ఒత్తిడిలో, అన్ని రంగులూ దిగే మార్గం లేదా? హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయినుండి వచ్చిన కైకో మోతీ మొదలైనవారు 1950లలో ఈ ప్రశ్నపైన కూర్చున్నారు. జవాబు రంగుల స్నిగ్ధతలో దొరికినది. స్నిగ్ధత అంటే భౌతికశాస్త్ర పాఠంలో చదువుకున్నదే: ద్రవం పారడానికి చూపే ఎదిరింపు. ఒక గిన్నెలో ఆముదం, మరొక గిన్నెలో కిరసనాయిలు పోసి వంచి చూడండి. ఏది ముందు జారుతుందో ఇంట్లో పిల్లవాడైనా చెబుతాడు. అచ్చురంగులో అవిసెనూనె ఎక్కువ కలిపితే అది పలుచనై జారుతుంది, తక్కువైతే గట్టిపడి జిగురుగా ఉంటుంది. ఫలకం మీద ముందుగా పలుచని రంగు పూసి దానిపైన గట్టి రంగు రోలరు నడిపితే, నూనె తేలిన ఆ పలుచని రంగు గట్టి రంగును తనమీద నిలువనీయదు. ఖాళీగా ఉన్న చోట మాత్రమే గట్టి రంగు అంటుకుంటుంది. వరుస తారుమారు చేస్తే రెండూ కలిసి బురద అవుతుంది.

ఇప్పుడు ఫలకం సంగతి. జింకు లేక రాగి ఫలకాన్ని ఆమ్లంతో కొరికించి, ఉలితో చెక్కి, పనిముట్లతో గీకి, ఎత్తుపల్లాలు గల ఒక చిన్న భూభాగంగా మారుస్తారు. అడుగున లోయలు, మధ్య మెట్టలు, పైన పీఠభూమి. మొదట ఒక రంగును లోయలలోనికి రుద్ది పైభాగాన్ని తుడిచివేస్తారు. పిమ్మట గట్టి రోలరుతో పలుచని రంగు. అది వంగదు కనుక పీఠభూమిని మాత్రమే తాకుతుంది. అటుపైన మెత్తని రోలరుతో గట్టి రంగు; మెత్తన కనుక అది మధ్యమెట్టల వరకు దిగి అక్కడ అంటుకుంటుంది, పీఠభూమి మాత్రం దానిని త్రోసివేస్తుంది. దానిపైన తడిపిన కాగితం పరచి యంత్రం క్రింద ఒక్కసారి నడిపిస్తే రంగులన్నీ కలసి దిగుతాయి. కలసి అంటున్నామే గాని కలగలిసిపోవు. ప్రక్కప్రక్కన నిలిచి, దూరంనుండి చూచే కంటికి కలిసినట్లుంటాయి.

ఈ పద్ధతిలో శిల్పి అయినవానికి దొరికిన స్వేచ్ఛ ఎంతటిదో గమనించండి. రంగు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కుంచె కాదు, లోతు. ఎక్కడ ఎంత చెక్కితే అక్కడ ఆ రంగు. బేతంచెర్ల నాపరాతి గనులలో పొరవెంట పొర విప్పుతూ పోయే పనివాడికి ఏ పొరలో ఏ రంగు వస్తుందో చేతికి తెలిసినట్లుగానే, కృష్ణారెడ్డి చేతికి ఏ లోతున ఏ రంగు నిలుస్తుందో తెలిసేది. సహచరులలో అనేకులు ఈ విధానాన్ని ఒక సౌకర్యంగా వాడుకున్నారు. ఆయన మాత్రం దానిని ఒక ఆలోచనా పద్ధతిగా మార్చుకున్నారు. అందుచేతనే ఈ విధానం పేరుతో పాటు ఆయన పేరే ఎక్కువగా వినబడుతుంది. తన అనుభవాన్నంతా ఒక గ్రంథంగా వ్రాసి 1988లో న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ప్రకటించారు. రహస్యం దాచుకునే గుణం ఆయనలో లేదనడానికి ఈ గ్రంథమే సాక్ష్యం.

ఇప్పుడు చిత్రాలు చూద్దాము. 1952లో చేసిన 'చేప', 'కీటకం' వంటి తొలి పనులలో వస్తువు ఇంకా పోల్చుకోదగి ఉన్నది. పదేండ్లు గడచేసరికి, 1963 నాటి 'సుడిగుండం', 'అల' అనే ముద్రణలలో వస్తువు కరిగిపోయి దాని నడక మాత్రమే మిగిలినది. సుడిగుండానికి ఒడ్డు లేదు, పడవ లేదు, మునిగేవాడు లేడు. కేంద్రం వైపు లాగబడే వేగం మాత్రం ఉన్నది. ఇది ఏ నది అని అడిగితే జవాబు రాదు. అయితే 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరంలోనికి వచ్చిన రోజులను ఎరిగినవారు ఆ ముద్రణ ముందర నిలబడితే, ఇది నీరు కాదని అనలేరు. నీటి రూపం కంటె నీటి శక్తినే దించడం ఆయన పని. నైరూప్యమంటే శూన్యం అనుకునేవారికి ఇంతకంటె మంచి సమాధానం మాకు తోచలేదు.

అయితే ఆయనను నిరంతర నైరూప్యవాదిగా చిత్రించడం న్యాయం కాదు. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధులకెక్కినప్పుడు ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. ఆ యేటి 'ప్రదర్శకులు' అనే ముద్రణలో మనుషులున్నారు. ఒకరినొకరు ఒరుసుకుంటూ నిటారుగా నిలిచిన జనం. ముఖకవళికలు లేవు, నినాదాలు లేవు. విద్యార్థి ఉద్యమాలను గూర్చి వ్రాసే మన కవులు ఒక్కసారి ఈ చిత్రం చూడదగును. ఆవేశాన్ని కేకలు లేకుండ చెప్పవచ్చునని దానివల్ల తెలుస్తుంది. 1975లో తన కుమార్తె అపు పాకుతున్న దశను చిత్రించారు. 1980లలో చేసిన 'మహా విదూషకుడు' సర్కసు బఫూనును గూర్చినది. నవ్వించేవాడి చుట్టూ వలయాలు వలయాలుగా జనం, బంతులు, రంగు. అదే ఒక్క ఫలకంనుండి రంగుల కూర్పు మార్చి మార్చి ఆయన అనేక ప్రతులు తీశారు. ఒక ప్రతిలో బఫూను నవ్వుతున్నాడనిపిస్తుంది, మరొక ప్రతిలో ఒంటరివాడనిపిస్తుంది. గీత ఒక్కటే, మారినది రంగు మాత్రమే. మా దృష్టిలో ఆయన పనులన్నిటిలో ఇదే శిఖరం. 'సుడిగుండం'కే పట్టం కట్టే విమర్శకులతో మాకు తగవు లేదు.

1972లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 1970ల మధ్యలో ఆయన న్యూయార్కు చేరి, న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ముద్రణచిత్ర విభాగాన్ని చిరకాలం నడిపించారు. స్వదేశంలో సైతం కార్యశాలలు నిర్వహించారు. 2018 ఆగస్టు 22వ తేదీన, తొంబదిమూడేండ్ల వయస్సులో, న్యూయార్కులో కన్నుమూశారు. తెలుగునాట ఆధునిక చిత్రకళ అనగానే పి.టి. రెడ్డినీ, గుడివాడనుండి లండను, అమెరికాలకు వెళ్లిన ఎస్.వి. రామారావునూ స్మరించడం పరిపాటి, స్మరించదగినవారే. ఆ పట్టికలో నందనూరు కృష్ణారెడ్డిని మరువరాదు.

ఉర్దూ విభాగపు మిత్రులకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటున్నది. 1960లలో అటెలియే 17లో పనిచేసినవారిలో జరీనా హాష్మీ ఒకరు. 1937లో అలీగఢ్‌లో జన్మించి, అక్కడే గణితశాస్త్రంలో పట్టభద్రురాలై, పిమ్మట ముద్రణ కళకు వచ్చిన స్త్రీ. 1999లో ఆమె చేసిన ముప్పదియారు కొయ్యఅచ్చుల సంపుటిలో ప్రతి బొమ్మ క్రింద ఒక ఉర్దూ మాట ఉన్నది: ఇల్లు, గడప, తలుపు, ప్రాంగణం వంటి మాటలు, నస్తాలిఖ్ లిపిలో. పైన నల్లని రేఖలు కొన్ని. గడప అనే మాట చదివి రేఖను చూస్తే గడప కనిపిస్తుంది; మాట చదవలేనివారికి రేఖ కూడ మూగగా ఉండదు. విభజన మూలంగా చెదిరిన కుటుంబంలోని ఒక కుమార్తె ఇంటిని తలచుకునే తీరు అది. ఆమె 2020లో లండనులో మరణించారు. 2016లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల హేటర్, కృష్ణారెడ్డి, జరీనాలను ముగ్గురినీ కలిపి ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినది. ఆంగ్లేయుడైన గురువు, తెలుగువాడైన సహచరుడు, ఉర్దూ మాతృభాషగా గల కళాకారిణి ఒకే గోడల మధ్య నిలిచిన ఆ ప్రదర్శన, రెండు భాషలలో వెలువడే ఇటువంటి సంచికకు ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నిజానికి నైరూప్యం మన ఇండ్లకు క్రొత్త కాదు. అలికిన వాకిట చుక్కలు పెట్టి వాటి చుట్టూ గీతను త్రిప్పే ఇల్లాలిని, ఇది ఏ వస్తువు బొమ్మ అని ఎవరూ అడగరు. ఖుష్‌నవీసు కలం పొడవుగా లాగిన అక్షరాన్ని చూచి, ఉర్దూ రానివారు కూడ ఆగి నిలబడడం మేము ఎరుగుదుము. ఓర్వకల్లు సమీపంలోని కేతవరం కొండచరియలలో ఆదిమమానవుడు ఎర్రరంగుతో బొమ్మలు వేసినాడు. సూటిగా లేడి కనిపించే బొమ్మలను చూడడానికి మనకు ఎంత కుతూహలమో, ప్రక్కనున్న అర్థంకాని గుర్తుల ముందర అంతకంటె ఎక్కువసేపు నిలుస్తాము.

మరొక సామ్యం సాంకేతికమైనది. ఉర్దూ పత్రికలు ఇటీవలి దశాబ్దాల వరకు కాతిబు చేతివ్రాతనుండి లిథో పద్ధతిలో అచ్చయ్యేవి. లిథోకు మూలసూత్రం నూనె నీటిని త్రోసివేయడం. జిడ్డుసిరాతో వ్రాసినచోట రంగు నిలుస్తుంది, తడిసినచోట నిలువదు. కృష్ణారెడ్డి విధానంలో నీటికి బదులు మరొక నూనె ఉన్నది, అంతే భేదం. అంటే ఈ ఊళ్లలోని పాత ముద్రణాలయాలలో తలనెరసిన పనివాడు ఎవరైనా దొరికితే, ఆయన ఈ విద్యను మన చిత్రలేఖన ఉపాధ్యాయులకంటె ముందుగా గ్రహిస్తాడు.

కనుక కళాశాల కార్యవర్గం వారికి మా మనవి ఒకటి. మన విద్యార్థులలో చేతిలో గీత ఉన్నవారు ప్రతి సంవత్సరం కొందరైనా చేరుతున్నారు. రికార్డు పుస్తకంలో కప్పను అందంగా దించినందుకు మార్కులు పొంది, పట్టా పుచ్చుకొని, ఆ గీతను మరచిపోతున్నారు. ముద్రణచిత్రానికి ఖరీదైన యంత్రం కావాలనే భయం తొలిదశలో అనవసరం. లోహఫలకాలూ ఆమ్లమూ అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేకుండ ముట్టరాదు, నిజమే. కాని లినోలియం ముక్కపైన రెండు మూడు లోతులు చెక్కడానికి చిన్న ఉలులు చాలు. గట్టి రోలరు ఒకటి, మెత్తని రోలరు ఒకటి, అచ్చురంగులు రెండు, అవిసెనూనె ఒక సీసా. కాగితంపైన ఒత్తడానికి యంత్రం లేకపోతే గరిటె వీపుతో రుద్దినా తొలి ప్రతులు తీయవచ్చును. రసాయనశాస్త్ర విభాగం నూనె పాళ్లు చూచిపెడుతుంది. కావలసినది ఇక గది మాత్రమే. గ్రంథాలయం ప్రక్కన విరిగిన బల్లలు పెట్టిన గదిని ఈ వేసవి సెలవులలో ఖాళీ చేయిస్తారని వినికిడి.